గంజాయి కాదు, పుండికూర

ఆదివారం, ఎమ్మిగనూరు. ఉగాది దగ్గరికొచ్చింది.

ఇంటిముందు కొడుకు షోకుగా వేయించిన లాన్ గడ్డి నీళ్ళన్నీ తాగేస్తోందని, నేనే దాన్ని పీకేసి పుండికూర, అదే గోంగూర, విత్తనాలు చల్లాను.

"కూర రాకుంటే మళ్ళా గడ్డే ఏపిస్తా నాయినా" అన్నాడు వాడు. కూర బాగానే వచ్చింది. అదే ఇప్పుడు తంటా.

ఈ పొద్దు పక్కింటి ఈరన్న గోడమీంచి తొంగిచూశాడు. "ఏందన్నా, ఆకు సేతి ఏళ్ళు సాపినట్ల ఉంది. గంజాయి గాదు గదా?"

"గంజాయేప్పా. సాయంత్రం రా, నీకూ ఒక దమ్ము ఇస్తా" అన్నాను.

ఎప్పుడూ పళ్ళికిలించేవాడు ఈసారి నవ్వలేదు. ఫోన్ తీసి ఫోటో కొట్టుకుని లోపలికి పోయాడు. వాడి అల్లుడు ఆదోనిలో పోలీసు.

"నీ నోరే నీకు పగోడు" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

సాయంత్రం ఆ అల్లుడే వచ్చాడు. "పప్పుకు రెండు సెట్లు పీక్కుంటా పెద్దాయనా" అన్నాడు. పప్పుకైతే ఆకు తుంచుకుంటారు గానీ, వేళ్ళతో సహా పీకి కవర్లో మూటకట్టుకోవడం దేనికి?

ఈ గొడవే లేకుండా రేపు పొద్దున్నే మడంతా కోయించేద్దామంటే, బోసిమడి చూసి కొడుకు మళ్ళీ గడ్డి పరిపిస్తాడు. అందుకే సగమే కోసి, పప్పు చేయించి, మొదటి గిన్నె ఈరన్నకే పంపుతా. తిన్నాక ఆ పుల్లటి నోటితో గంజాయి అని చెప్పమను, చూద్దాం.