నలభై ఏళ్ల కొండ

జూన్ 3

శిఖరం. ఇవాళ్టి కొత్త మాట. పైకే రెండుసార్లు అనుకున్నాను, బాగుంది. మా కొండకీ ఒకటి ఉండేది, నేను మూడో క్లాసులో ఉన్నంతవరకు. అన్నయ్యా నేనూ గోనెపట్టా మీద కూర్చుని అక్కణ్ణుంచి జారేవాళ్లం. ఇప్పుడు ఆ చోటు గాలిలో ఉంది. కిటికీలోంచి చూసి, సుమారుగా అక్కడ, అనుకోవాలి.

జూన్ 5

ఓనరు అన్నయ్యకి క్వారీలో డ్రిల్లర్ పని ఇస్తానన్నాడట. నాన్న చెప్పులు విప్పకుండానే చెప్పాడు. వైండింగ్ కోర్సు చదివి ఎవడి మోటారు కోసమో ఎదురుచూసే బదులు ఇది నయం, కొండలో ఇంకా ముప్పై ఏళ్ల రాయి ఉంది, వీడు రిటైరయ్యేదాకా ఢోకా లేదు అన్నాడు. పదేళ్ల కింద సర్వే ఆయన కొలిచి నలభై ఏళ్లన్నాడు. అప్పట్నుంచి క్వారీలో అందరూ ఏటా ఒకటి తీసేస్తున్నారు.

జూన్ 6

అన్నయ్య కోర్సు పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టాడు.

జూన్ 11

క్లాసులో చక్రవడ్డీ. మేడం వడ్డీయే కాదు, పెరిగేది ఏదైనా ఇంతే అన్నారు. ఇంటికొచ్చి నాన్నని అడిగాను. నలభై అన్నది, సర్వే ఏడాది తీసినంతే ఏటా తీస్తే అన్న లెక్కట. ఆ తర్వాత ఒక్క ఏడాదీ తప్పకుండా పది శాతం ఎక్కువ తీశామని గర్వంగా చెప్పాడు.

మూడుసార్లు లెక్క వేశాను. ఇంకా ముప్పై కాదు. ఏడు.

జూన్ 12

చెప్పాను. మా కొత్త మాటల డిక్షనరీకి లెక్కలు కూడా వచ్చేశాయే అని అన్నయ్య వెక్కిరించాడు. నాన్న నవ్వి, సర్వే ఆయన మూడుకాళ్ల మిషన్ తెచ్చుకున్నాడే పంతులమ్మా, నీ దగ్గర పెన్సిలే కదా అన్నాడు. తర్వాత అన్నం కలిపి, తినడం మర్చిపోయి కూర్చున్నాడు.

జూన్ 15, ఉదయం 7

సెలవు. నాన్న నన్ను క్వారీకి తీసుకెళ్లాడు. మిషన్లు ఆగి ఉన్నాయి. తను చేరిన కొత్తలో డ్రిల్లు లేదట, సమ్మెటలేనట. ఒక్క బండకి నలుగురికి రెండు రోజులు. కొట్టే ముందు మా తాత రాయికి చెవి ఆనించి వినేవాడట. ఇప్పుడు అలాంటి బండ టీ తాగి వచ్చేలోపు కంకర.

ఏటా ఐదు శాతమే పెరిగితే అని అడిగాడు. ఎనిమిదేళ్లు. అసలు పెరగకపోతే? తొమ్మిది. తగ్గిస్తూ పోతే?

ఇసుకలో పుల్లతో వేశాను. ఏటా పదకొండు శాతం తగ్గిస్తే ఎప్పటికీ అయిపోదు. ఎప్పటికీనా అన్నాడు. ఎప్పటికీనే నాన్నా, కాకపోతే తీసేది రానురాను కొంచెమే అన్నాను. మా నాన్న తీసిందీ కొంచెమేలే అన్నాడు. తాత గురించి నాన్న అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

జూన్ 17

నాన్న క్వారీలో టీ దగ్గర అందరికీ లెక్క చెప్పాడు. నెమ్మదిగా తీద్దామంటారనుకున్నాడు. సాయంత్రానికి పంతొమ్మిది మంది డబుల్ షిఫ్ట్ కావాలని పేర్లిచ్చారు. ఉన్నప్పుడే కదా నాలుగు రాళ్లు వెనకేసుకునేది అన్నారట. ఓనరు వెంటనే సరేనన్నాడట. నాన్న పేరివ్వలేదు.

జూన్ 18

అన్నయ్య కోర్సుకి తిరిగి వెళ్లాడు. నాన్నే పుస్తకాలు దించి దుమ్ము తుడిచాడు.

జూన్ 19

డబుల్ షిఫ్టయితే ఎన్నేళ్లే అని నాన్న అడిగాడు. నాలుగు అన్నాను. మీ అన్న కోర్సుకి రెండు చాలు, నీ కాలేజీ ఎన్నేళ్లు అన్నాడు.

నాలుగు.

పేరివ్వడానికి వెళ్లాడు.