చింతపండుతో తోమిన కడ్డీ

ప్రొద్దుటూరు,
10-10-1994.

చిరంజీవి బదరీనారాయణను పెద్దక్క ఆశీర్వదించి రాయునది. అమ్మవారి చలవ వల్ల ఈ ఇంట్లో అందరికీ కులాసా. బెంగుళూరులో మరదలూ పిల్లలూ కూడా బాగున్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరంలో వాళ్ల మాట ఒక్కటీ లేదు. నాలుగు పేజీలూ నాయన కారే.

షెడ్డు కురుస్తోందా అని అడిగావు. లేదు. ఎలుకలు సీటు కొరికాయా అన్నావు. కొరికాయి. ఎక్సిలేటరు తొక్కితే కార్బొరేటరును లాగే ఆ జానెడు కడ్డీ దొరికిందా అన్నావు. నువ్వు ఈ మాట అడగడం ఇది తొమ్మిదోసారి.

మెకానిక్ జియావుల్లా కొత్తవి రెండు చేసి చూపించాడు. రెండూ వద్దన్నావు. నాయన మద్రాసులో దొర దగ్గర ఆ స్పోర్ట్స్ కారు కొన్న నాటి కడ్డీయే కావాలి, దాని పైపూత కూడా చెదరకూడదు అని రాశావు. అది చదివి వినిపిస్తే అతను చేతిలో పానా కింద పెట్టేశాడు.

"బండి నడిస్తే సాలదాక్కా? కడ్డీకి గూడా గోత్రం అడుగుతాండాడు మీ తమ్ముడు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. పూజకు కూర్చున్నా నీ కడ్డీయే కళ్లలో ఆడుతోంది.

తొందర ఎందుకో కూడా రాశావు. వచ్చే నెల మీ నాయకుడు జమ్మలమడుగులో నామినేషన్ వేస్తాడు, ఆ పైకప్పు లేని కారులో ఆయన్ను నిలబెట్టి నువ్వే నడపాలి. పదకొండేళ్ల కిందట పోలింగు రోజు కూడా ఇలాగే బయలుదేరావు. ఆ పొద్దున పెడలు తొక్కితే కారు కదల్లేదు. నిన్ను కారు దగ్గరే వదిలి మీవాళ్లు జీపులో పోయారు. జమ్మలమడుగు పొలిమేరలో బాంబులు పడ్డాయి. ఇద్దరు తిరిగి రాలేదు. ఇంట్లో ఉన్నావు కాబట్టి నువ్వు బతికావు. బతికి, అవతలి పార్టీకి అమ్ముడుపోయి కడ్డీ పీకాడని డ్రైవర్ సిద్దయ్యను నడివీధిలో చెప్పుతో కొట్టి తరిమావు.

కడ్డీ పీకింది నేను, బదరీ.

నాయన కారు విప్పినప్పుడల్లా పానాలు అందించింది నేనే కదా. నిన్ను పోనీయకూడదని ఆ పొద్దున స్నానం చేసి వచ్చి దాన్ని తీసి దేవుని గూట్లో పెట్టాను. నువ్వు సిద్దయ్యను కొడుతుంటే వాకిట్లో నిలబడి చూశాను. నోరు తెరవలేదు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండుతో తోముతున్నాను. నీ పైపూత ఏనాడో పోయింది.

పోయిన సోమవారం పులివెందుల బస్సెక్కి తొండూరులో దిగాను. సిద్దయ్య గొర్రెలు మేపుకుంటున్నాడు. తల పూర్తిగా నెరిసింది. కడ్డీ చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇనుమును ఎవురన్నా చింతపండుతో తోముతారా తల్లీ?" అన్నాడు. పక్కకు పోతున్న గొర్రెను అదిలించి, "పొద్దుటూర్నుంచి ఈడికి బస్సు వచ్చేదానికి పదకొండేండ్లు పట్టెనా?" అన్నాడు.



కడ్డీ ఆయన దగ్గరే వదిలి వచ్చాను. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. ఊరేగింపుకైతే ఇయ్యను అని మాత్రం నీకు చెప్పమన్నాడు. కావాలంటే నువ్వే పోయి అడుగు. నామీద ఎంత కోపం వచ్చినా సరే, ముందు అక్కడికి పోయి తరువాత ఇంటికి రా.

ఆయన గడప ముందు చెప్పులు విడిచి పో.

ఇట్లు,
నీ పెద్దక్క
ధనలక్ష్మి