నీరసం అన్న మాట గురించి

క్రీడా శిబిరం అధికారిగారి సముఖమునకు, మైదానంలో గీతలు వేసే పనివాడు రాసుకున్న మనవి.

అయ్యా,

విషయం: పరుగు జట్టులోని ఆడపిల్లలకు కూడా గుండె పరీక్ష చేయించుట, ముందుగా నా చిన్నకూతురికి.

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. తడి నేల మీద సున్నం నిలవదు గనుక గీతల పని లేదు. పిల్లల పరుగు కూడా ఆగింది. చిన్నది ఇంట్లోనే ఉంది. అందువల్ల కూర్చుని రాయగలుగుతున్నాను.

1. నా పెద్దకూతురు, జట్టులో అందరూ గాలిపటం అని పిలిచే పిల్ల, గత వేసవిలో మలుపు దగ్గర నేను వేసిన గీత మీదనే పడి చనిపోయిన సంగతి తమకు విదితమే.

2. అంతకు ముందు రెండుసార్లు అది పరుగు మధ్యలో స్పృహ తప్పింది. నర్సమ్మగారు కూర్చోబెట్టి, "నీరసం. పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగి ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఒక కుర్రాడు కళ్లు తిరిగి పడితే గుండె పరీక్షకు పంపారు.

3. ఇలాంటి చావులు మగపిల్లల్లోనే చాలా ఎక్కువనీ, ఆడపిల్లల్లో అరుదనీ, అందుకే పరీక్ష మగపిల్లలకు మాత్రమేననీ తమరు సెలవిచ్చారు. పెద్దాసుపత్రి డాక్టరుగారు కూడా అది కాదనలేదు. అయితే శవపరీక్షలో పిల్ల గుండెకు కంటికి కనబడే లోపం ఏదీ లేదనీ, ఇలా చనిపోయిన ఆడపిల్లల్లో ఏ లోపమూ కనబడకపోవడమే ఎక్కువనీ, గుండె కొట్టుకునే తీరులో తేడా ఉంటే అది బతికి ఉండగానే తెలియాలనీ, తోడబుట్టినదాన్ని తప్పక చూపించమనీ చెప్పారు. అరుదైనది మా ఇంటికి ఒకసారి వచ్చింది.

4. మగపిల్లల వరుస అయ్యాక గుండె పరీక్ష యంత్రం మీద దుప్పటి కప్పి ఉంచుతున్నారు. ఆ గది ఊడ్చేది కూడా నేనే గనుక చూశాను.

5. మొన్న చిన్నది మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఏమిటని అడిగితే, "నీరసం నాన్నా. ఎవరితోనూ అనకు, జట్టులోంచి తీసేస్తారు," అంది. ఆ మాట దానికి శిబిరంలోనే అబ్బింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. దాని ఊపిరి వినబడేలా నేను పడక తలుపు దగ్గరకు మార్చుకున్నాను.

కావున ఆ దుప్పటి ఒక్కసారి తీయించవలెననీ, పరీక్ష అయ్యేదాకా పరుగెత్తవద్దని దానితో తమరే చెప్పవలెననీ ప్రార్థన. నా మాట వినదు. తమ మాట వింటుంది. ఈ ఒక్కటి మాత్రం తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గీతలు వేసేవాడు

మరొక మనవి: ఇది రాస్తుండగా వాన వెలిసింది. చిన్నది బూట్లు వేసుకుని మూడింటికి పరుగుకు వెళ్లిపోయింది.