లైన్లో ఎవరున్నారు?

జనవరి 12

నిర్ణయం అయిపోయింది. ఈ ఏడాది లాయర్లకి ఫోన్లో క్లాసు పెడుతున్నాను. చెప్పేది నేనే.

మార్చి నెలాఖరులోగా ఇన్ని గంటలు చదువుకున్నామని చూపించకపోతే మోంటానాలో మా లైసెన్సు ఆగిపోతుంది. ఆ చదువంతా బిల్లింగ్స్ పట్నం హోటళ్లలోనే. మంచులో రోజంతా కారు తోలాలి, రెండు రాత్రులు హోటల్లో పడుకోవాలి, రబ్బరు లాంటి చికెన్ నమలాలి. ఇంతా చేసి వినేదేమిటి? ఆవు మొహం చూడని పెద్దమనిషి కంచె తగాదాల మీద దంచే ఉపన్యాసం. నాలాంటి ఒంటరి లాయరుకి ఒక నెల సంపాదన నీళ్లపాలు.

నా క్లాసుకి ఇరవై డాలర్లు. బూట్లు విప్పేసి, పొయ్యి ముందు కాళ్లు చాపుకుని వినొచ్చు. నా గొంతు వినపడలేదన్న జడ్జి ఈ తూర్పు మోంటానాలో ఇంతవరకూ లేడు. ఇంత గొంతుకి హోటలు హాలెందుకు, ఫోను తీగ చాలు.

జనవరి 15

వాల్ట్ బ్రెకీతో మాట్లాడాను. పక్క కౌంటీకి మిగిలిన ఏకైక లాయరు. నాకు వృత్తి నేర్పిన మనిషి. నా జుట్టు తెల్లబడినా ఇంకా అమ్మాయ్ అనే పిలుస్తాడు. భార్య ఐనెజ్‌కి మతిమరుపు ముదిరింది. ఆవిణ్ణి వదిలి పోస్టాఫీసు దాకా వెళ్లలేడు, బిల్లింగ్స్ ఎక్కడ? ఆఫీసునే ఇంటి ముందుగదిలోకి తెచ్చుకున్నాడు.

ఆయనకి ఒక్క గంట తక్కువ. వృత్తి ధర్మం మీద చెప్పే గంట. అది లేకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి ఆయన లాయరు కాడు. ఆ నెలలోనే వెర్నా సాథర్ కేసు విచారణ. ఆవిడ మొగుడు పోయాడు, ఒక్కతే పశువుల్ని మేపుకుంటోంది. ఆవిడ వాగు నీళ్ల హక్కు కాజేద్దామని ఒక పెద్ద పశువుల కంపెనీ మీద పడింది. ఈ కేసు వాల్ట్ వదిలితే తీసుకోవడానికి ఆ కౌంటీలో ఇంకెవడూ లేడు.

పోనీలే అమ్మాయ్, ఫోన్లో వింటే చదువంటారా ఎవరైనా, ముసలాడు మంచమెక్కి పాఠం వింటున్నాడని నవ్విపోతారు అన్నాడు. నేను ఒప్పిస్తాను, మీరు ఫోను దగ్గర కూర్చోండి చాలు అన్నాను.

అన్నానంటే అన్నట్టే.

ఫిబ్రవరి 3

రాజధాని హెలెనాలో ఉండే కమిషన్ మనిషి జూడిత్ ఓర్‌తో అరగంట వాదన. ఏ చదువు లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేల్చేది ఆవిడే. గొంతు మెత్తన, మాట మేకు.

ఎదురుగా మనిషి లేకుండా క్లాసెలా అవుతుందండీ అంది. అవతల వాడు బేకన్ వేయించుకుంటున్నాడో, గురక పెడుతున్నాడో మీకెలా తెలుస్తుంది అంది. మీ హోటల్లో వెనక వరసలో కూర్చుని పేపర్లో పజిళ్లు నింపేవాళ్ల సంగతేమిటి అన్నాను. వాళ్లు కనీసం కంటికి కనిపిస్తున్నారు కదా అంది.

చివరికి బేరం కుదిరింది. మార్చి 18న ఒక గంట క్లాసు. ఆవిడ నోరెత్తకుండా లైన్లో ఉండి వింటుంది. గంట ముగిసేముందు నేనొక మాట చెప్పాలి, ఆ మాట రాసి పంపినవాళ్లకే గంట. నచ్చితే అందరికీ లెక్క. నచ్చకపోతే ఎవరికీ లేదు.

నచ్చకపోవడమేమిటి!

ఫిబ్రవరి 4

పాఠం: క్లయింటు రహస్యం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఫిబ్రవరి 20

ఇరవై మంది దాకా చేరారు. అందులో క్రెయిగ్ లిండావర్ ఒకడు. వెర్నా మీద పడిన ఆ కంపెనీ లాయరు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వాల్ట్ కేసు పుచ్చుకున్న నాటి నుంచీ ఆయన్ని నవ్వుతూనే నంజుకు తింటున్నాడు.

నేనొస్తే మీకేం అభ్యంతరం లేదు కదా ఆర్డిస్ గారూ, ఇరవై డాలర్లకి ఇంత వేడుక మా ఊళ్లో ఎక్కడా దొరకదు అన్నాడు. రండి, రహస్యాల గురించి మీకే ఎక్కువ అవసరం అన్నాను. పడీపడీ నవ్వాడు. చర్మం మందం.

మార్చి 9

రిహార్సలు అయింది. చవక ఫోను కంపెనీ కదా, సదుపాయాలూ చవకే. ఎవరి ఫోను నోరు వాళ్లే స్టార్, ఆరు నొక్కి మూసుకోవాలి. ఒక్కొక్కళ్ల నోరు మూయించే మీట నా దగ్గర లేదు. నాకున్నది ఒక్కటే, మొత్తం లైను తెంచేది.

ఒకళ్లు వచ్చినా వెళ్లినా బీప్‌మంటోంది. పాఠానికి అడ్డమని అది తీయించేశాను. ఇప్పుడు నా గొంతు తప్ప ఏమీ ఉండదు. అంతకంటే ఏం కావాలి?

మార్చి 17

భయమా? లేదు. ఆకలిగా ఉంది.

మార్చి 18, సాయంత్రం 5 గంటలు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదలు బ్రహ్మాండంగా సాగింది. అందరి పేర్లూ పిలిచాను, అందరూ పలికారు, స్టార్ ఆరు నొక్కమన్నాను. నిశ్శబ్దం. నేను చెప్పుకుపోతున్నాను. హోటల్లో చెప్పేవాళ్లకంటే బాగా చెప్పాను. పొగరు కాదు, నిజం.

ముప్పావు గంట దాటాక లైన్లో తలుపు చప్పుడు. తర్వాత బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. ఎవరో నొక్కలేదు. స్టార్ ఆరు, స్టార్ ఆరు అన్నాను. అప్పుడు వెర్నా సాథర్ గొంతు. వాల్ట్, తలుపు వేసుకో, ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి అంటోంది.

లైన్లో క్రెయిగ్ ఉన్నాడు.

వాల్ట్, ఫోను పెట్టేయండి అని అరిచాను. వినిపించుకోలేదు. మళ్లీ అరిచాను. వెర్నా చెప్పుకుపోతోంది, కంపెనీ వాళ్లు ఎంతకి దిగొస్తే తను హక్కు అమ్మేస్తుందో. ఎంతో కూడా చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను.

మీట నా వేలి కింద ఉంది. నొక్కితే క్లాసు చచ్చిపోతుంది. చివరి మాట ఇంకా చెప్పలేదు, గంట ఎవరికీ రాదు, వాల్ట్‌కి అసలే రాదు. జూడిత్ వింటోంది. నొక్కకపోతే వెర్నా ఇంకా ఏం చెబుతుందో.

నొక్కాను. కానీ అంకె అప్పటికే బయటపడింది. అరుస్తూ కూర్చోకుండా ముందే నొక్కాల్సింది. క్లయింటు రహస్యం మీద క్లాసు పెట్టి, ఒక విధవరాలి రహస్యం ఊరందరికీ వినిపించాను. వాల్ట్ లైసెన్సు తీసుకెళ్లి గోతిలో వేశాను. ఏడుపొస్తోంది.

అదే రోజు, 6 గంటలు

క్రెయిగ్ ఫోన్. తీయకూడదనుకున్నాను, తీశాను.

క్షమించండి, చివరిదాకా ఉండలేకపోయాను, తలుపు వేసుకో వాల్ట్ అని వినగానే పెట్టేశాను అన్నాడు. ఆ చివరి మాటేమిటో నాకు చెప్పకండి, నేను వినలేదు కాబట్టి నాకు గంట రాకూడదు అన్నాడు. మిగతా వాళ్లకి పాఠం బాగా అయిందా అని అడిగాడు.

క్లాసు చివరిదాకా నడిచిందనుకుంటున్నాడు. నేను తెంచిన సంగతే తెలీదు. మళ్లీ చేస్తానని పెట్టేశాను.

మార్చి 19

పొద్దుటి నుంచి ఫోన్లే. గ్లెండైవ్, సర్కిల్, జోర్డాన్ ఊళ్ల నుంచి. అందరిదీ ఒకటే పాట. ఆవిడ గొంతు వినగానే పెట్టేశామండీ, తర్వాత ఏమైంది? ఒకామె సగం తిన్న శాండ్‌విచ్ ఫోను మీదే పడేసి పెట్టేసిందట. కొందరికి నేనే చేసి అడిగాను. ఒక్కరంటే ఒక్కరు మిగల్లేదు. బీప్ లేదు కనక నాకు తెలియలేదు.

నేను తెంచింది ఖాళీ లైను. వినకూడని మాట విన్నది ఒక్కరే. పాఠం చెప్పిన మహాతల్లి.

మార్చి 20

వాల్ట్ ఇంటికి వెళ్లాను. ఇలాంటివి ఫోన్లో చెప్పేవి కావు. వెర్నాని కూడా రమ్మన్నాను.

ఆ రోజు ఆయన స్టార్ ఆరు నొక్కేలోపే ఐనెజ్ కోటు లేకుండా మంచులోకి నడిచి వెళ్లిపోయిందట. వాల్ట్ ఫోను స్పీకరు మీద బల్ల మీద వదిలి పరుగెత్తాడు. తీసుకొచ్చేసరికి నా గొంతు విని ఆవిడ వణికిపోతోందని శబ్దం మొత్తం తగ్గించేశాడు. అవతలివాళ్ల శబ్దం తగ్గితే తన శబ్దం కూడా ఆగుతుందనుకున్నాడు పాపం. అంతలో వెర్నా వచ్చింది.

జరిగిందంతా చెప్పాను, అంకె విన్నది నేనొక్కదాన్నేననీ చెప్పాను. వెర్నా, ఇంకో లాయర్ని చూసుకో, నేను పనికిరాను అన్నాడు వాల్ట్. నోర్ముయ్యి వాల్ట్ అంది వెర్నా. మంచులో పోతున్న పెళ్లాం కోసం పరుగెత్తనివాడైతే అప్పుడు మార్చేదాన్ని అంది. తర్వాత నా వైపు తిరిగి, ఎలాగూ విన్నావు కదా, నా అంకె మరీ తక్కువంటావా అని అడిగింది.

జవాబు చెప్పకుండా కాఫీ తాగాను. ఇంత కష్టంగా ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

మార్చి 23

జూడిత్ ఓర్ తనే చేసింది. ముందే చెబుతున్నాను, ఆ గంట ఇవ్వలేను, గంట పూర్తి కాలేదు, మాట చెప్పలేదు అంది. తెలుసన్నాను. నేనూ మధ్యలోనే పెట్టేశాను, మిగతావాళ్లు ఎందాకా ఉన్నారు అని అడిగింది.

చెప్పాను. వాల్ట్ ఐనెజ్ కోసం పరుగెత్తిన సంగతీ చెప్పాను, లైన్లో ఒక్కరూ మిగల్లేదన్నాను. వాళ్లు వింటున్నారో లేదో ఎలా తెలుస్తుందని అడిగారు కదా, వింటున్నారు కాబట్టే వెళ్లిపోయారు అన్నాను.

హోటల్లో ఇరవై ఏళ్లు వెనక వరసలో కూర్చున్నాను, హాలంతా ఒక్కసారి లేచి బయటికి నడవడం ఎన్నడూ చూడలేదు అంది. ఫోను క్లాసు లెక్కలోకి వస్తుందని రేపు కాగితం పంపుతానంది. నెలాఖరులోగా మళ్లీ పెట్టుకోండి, నేను రానక్కర్లేదు అంది. పెట్టేసేముందు, ఆ ముసలాయన భార్యకి ఎలా ఉంది అని అడిగింది.

ఫోను పెట్టేసి గదిలో ఒక్కదాన్నే ఎగిరాను. కింద హార్డ్‌వేర్ షాపువాళ్లు కర్రతో పైకప్పు మీద కొట్టారు.

మార్చి 31

మళ్లీ క్లాసు పెట్టాను. వెర్నా వెళ్లి ఐనెజ్ పక్కన కూర్చుంది. వాల్ట్ గంటంతా విన్నాడు. చివరి మాట అందరికంటే ముందు ఆయనే రాసి పంపాడు.

క్లాసు అయిపోయింది, ఇక పెట్టేయండి అన్నాను. ఎవరూ పెట్టలేదు, ఒక్కొక్కరే వాల్ట్‌ని పలకరించారు.