మొక్కజొన్న చేలోకి దిగే ముందు

చెరుకుపల్లి మండలంలో వ్యవసాయం చేసుకునే యలవర్తి చలపతిరావు అనే నేను, కీర్తిశేషులు సుబ్బరామయ్య గారి రెండో కొడుకును, వయస్సు అరవై రెండు, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉంది. అక్షరాలు వంకరపోయాయని రేపు ఎవరూ దీన్ని కాదనరాదు. అమలు బాధ్యత బాపట్లలో లెక్చరరుగా ఉన్న నా కూతురు ఉషశ్రీది.

1. నా రెండెకరాల మాగాణి, ఇల్లు, పాడిగేదెలు నా భార్య భ్రమరాంబకు, ఆమె తదనంతరం ఉషశ్రీకి సర్వహక్కులతో చెందాలి. ఈ కాగితం సంగతి భ్రమరాంబకు తెలియదు. రేపు రేపల్లె వెళ్తున్నానని అబద్ధమాడాను. మధ్యాహ్నం అన్నం సగంలో వదిలి లేచాను. "ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి తీయకుండా ఉంటే బాగుండుననిపించింది.

2. ఇది రాయవలసి వచ్చిన కారణం: మురుగు కాలవ తుప్పల్లోంచి అడవిపందులు వచ్చి మా మొక్కజొన్న తొక్కేస్తున్నాయి. అనుమతి లేకుండా కొట్టడం నేరమని తెలిసే నిన్న పొద్దున విల్లు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. వేటకు మా నాన్న వాడిన బాణాలు ఒక్కోటి నలభై గ్రాముల పైన తూగేవి. నా దగ్గర ఉన్నవి, తెనాలిలో విలువిద్య నేర్చుకుంటున్న మా మేనల్లుడు శశిధర్ ఇచ్చిన ఇరవై గ్రాములవి. "ఇవి బోర్డు మీద కొట్టేవి మామయ్యా, జంతువు మీదకి కాదు" అని వాడు చెప్పాడు. తేలికబాణం తిన్నగా పోతుంది, మసకబారిన నా కంటికి అదే నయమనుకున్నాను. తిన్నగానే పోయింది. పంది భుజానికి తగిలి, అట్టలాంటి ఆ తోలులో నాలుగు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. పంది అరుస్తూ పక్కనే తులసి అనే ఆమె వేసిన మొక్కజొన్న చేలోకి దూరింది. ఇంతవరకు బయటికి రాలేదు.

3. తులసి కౌలు రైతు. ఎల్లుండి ఆమె, పదిమంది ఆడకూలీలు కండెలు విరవడానికి ఆ చేలోకి దిగుతారు. గాయపడ్డ పంది మనిషిని చూసి పారిపోదు. ఈ పొద్దున ఆమెకు చెప్పాను. "వానొస్తదంటున్నారు బాబాయ్, ఎన్నాళ్లని ఆపను?" అంది. తిట్టలేదు. తిడితే తేలికపడేవాణ్ణి. అటవీశాఖ వారికి ఫోన్ చేయబోయి, కేసుకు భయపడి రెండుసార్లు పెట్టేశాను. అందుకే రేపు పొద్దున నేనే ఆ చేలోకి దిగి దాన్ని చంపాలి. ఆమె ఆ చేను సాగు చేసినంత కాలం నా బోరు నీళ్లు ఆమెకు ఇవ్వాలి.

4. నాన్న విల్లు మా అన్నయ్య పున్నయ్యకు చెందాలి. పంపకాల్లో విల్లు నాకు, బాణాలు అతనికి వచ్చాయి. విడదీస్తే ఎవరికి ఉపయోగమని నేను అడిగితే మాట పెరిగి పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఈ సాయంత్రం అతని గడప ఎక్కాను. అంతా విని, లోపలికి వెళ్లి ఏడు బాణాలూ తెచ్చాడు. ములుకులకు తుప్పు లేదు. ఏటా నూనె రాస్తున్నాడట. "ఒక్కడివే పోతావేంట్రా, బుద్ధుందా? నేనూ వస్తా" అన్నాడు. అతనికి అరవై ఎనిమిది, మోకాళ్లు వంగవు. దాంతో నా భయం రెట్టింపయింది.

5. నా మోటార్ సైకిల్ శశిధర్‌కు. జరిగినదానికి వాడిని ఎవరూ ఒక్క మాట అనరాదు. ఒరే శశీ, గురికి తేలికబాణం, ప్రాణానికి బరువుబాణం. బరువైనది నెమ్మదిగా పోతుంది, త్వరగా కిందికి వాలుతుంది. అందుకని దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్లే ధైర్యం లేనివాడు అసలు వేయకూడదు.

6. నాకు చాలా భయంగా ఉంది. ఆ చేలో రెండడుగుల అవతల ఏముందో కనపడదు. ఆకు కదిలితే గాలో, అదో తెలియదు. ఇవాళ రెండుసార్లు గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాను. నాకేమైనా అయితే అన్నయ్యను తప్పుపట్టకండి.

తేది 18-3-2025
(సం) యలవర్తి చలపతిరావు
సాక్షులు: కోటేశ్వరరావు (రిటైర్డ్ మాస్టారు), గిరీష్ (ఎరువుల కొట్టు)

అనుబంధం

పై వీలునామా యథాతథంగా అమల్లో ఉంటుంది. జరిగింది మాత్రం చేరుస్తున్నాను.

పొద్దున ఏడింటికి దిగాం. చేను సగం దాటాక అది లేచింది. నా ముందునుంచే అన్నయ్య మీదకి పోయింది. అతను పరిగెత్తలేడు. సాలు వెంబడి కనపడగానే పదడుగుల నుంచి వేశాను. నాన్న బాణం పక్కటెముకల్లోంచి దూరి అవతల తేలింది. పంది అన్నయ్య కాళ్లకు తగిలి పడింది. అతనూ పడ్డాడు. "చచ్చిందా?" అన్నాడు. చచ్చిందన్నాను. దాని భుజం వాచిపోయి ఈగలు ముసురుతున్నాయి. రెండు రోజులు అలా తిరిగింది పాపం, నా మూలాన. నేను అక్కడే కూర్చుని వాంతి చేసుకున్నాను. అన్నయ్య నా వీపు నిమురుతూ ఉన్నాడు.

తులసికి కబురు పంపాను. భ్రమరాంబకు అంతా చెప్పాను, ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఇప్పుడు బాపట్ల అటవీశాఖ ఆఫీసుకు వెళ్లి ఒప్పుకోవాలి. దానికీ భయమే. అన్నయ్య బయట స్కూటర్ మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు.

తేది 19-3-2025
(సం) యలవర్తి చలపతిరావు
సాక్షులు: కోటేశ్వరరావు, గిరీష్