తెగిన బోల్టు పంపించు

రేణిగుంట

నాయనా, నేనూ నీ కోడలు కృపామణీ బాగున్నాం. ఫోన్‌లో నీకు మాట సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను.

ధర్మేంద్ర అని ఒకాయన, రేసు కోసం ఇంజిన్ బలం పెంచమని తన జీపును మన షెడ్డులో వదిలాడు. పిస్టన్లు కొత్తవి తెచ్చాడు. వాటి కింద కనెక్టింగ్ రాడ్ల బోల్టులు మాత్రం పాతవే బిగించమంటాడు. గట్టి రకం తెప్పించాలంటే నెల పడుతుంది, రేసేమో నెలాఖరుకే. నువ్వు నేర్పినట్టు పాతవాటిని అద్దం పలక మీద వరసగా నిలబెట్టి చూశాను. రెండు వెంట్రుకవాసి సాగి ఉన్నాయి. చూపిస్తే నవ్వాడు.

"ఇన్నేండ్లు తెగంది ఈ ఒక్క దినానికి తెగతాదా అప్పా? నువ్వు బిగించకుంటే ఇంకోడు బిగిస్తాడు" అన్నాడు.

అన్న జీపుకు పాత బోల్టులు బిగించిన రోజు నువ్వూ "ఈ ఒక్క లోడుకేలే" అన్నావు. నిన్ను నొప్పించాలని రాయడం లేదు. మొగిలి ఘాట్‌లో అన్న పోయాక ఇంజిన్‌లోంచి ఏరి తెచ్చిన బోల్టు ముక్క నీ బైబిలు పెట్టెలోనే ఉంది కదా. కార్డు అందగానే గుడ్డలో చుట్టి తిరుపతి బస్సు కండక్టరుకు ఇవ్వు. ధర్మేంద్ర చేతిలో పెడతాను. అప్పటికీ వినకపోతే ఇంజిన్‌ను విప్పినది విప్పినట్టే పంపేస్తాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మామిడి పూత నిలిచిందా?

ఈ నెలంతా ప్రార్థనలో నా పేరుకు ముందు ధర్మేంద్ర పేరు చెప్పు నాయనా.

నీ సుకుమార్