కాలరు మీద నక్షత్రం

డిసెంబరు 14, ఆదివారం

తమ్ముడికి,

ప్రభువు పేరిట నీకూ మరదలికీ అక్క వందనాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ మీరూ కులాసా అనుకుంటాను. మర్యాదలు అయిపోయాయి, ఇక అసలు సంగతికి వస్తాను.

నీ ఉత్తరం చదివాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వు పాస్టరుగా నడిపే సహవాసానికి బాప్తిస్మం అంగీలు కుట్టేది నేనే, మా చర్చి క్వయర్‌కి కుట్టేదీ నేనే. పదకొండేళ్లుగా రెండూ ఒకే తెల్ల తానులోంచి కోస్తున్నాను. తేడా ఒక్కటే, మా వాళ్ల కాలరు మీద బొటనవేలి గోరంత నక్షత్రం ఉంటుంది. మీ మూటకి నీలం తాడు, మా మూటకి ఎర్ర తాడు. ఈసారి తాళ్లు తారుమారయ్యాయి. పొరపాటైందని ఆ రోజే ఫోన్‌లో చెప్పాను కదరా.

నువ్వేం చేశావు? నీళ్ల ఒడ్డున మూట విప్పి, నక్షత్రాలు చూసి, తొమ్మిది మందిని బాప్తిస్మం ఇవ్వకుండా ఇంటికి పంపేశావు. అందులో ఒకావిడ పనికి సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చిందట, మరదలే చెప్పింది. కాలరు లోపలికి మడిచి ఒక పిన్ను గుచ్చితే సరిపోయేది. దర్జీ ఇంట్లో పుట్టినవాడివి, ఆ మాత్రం తోచలేదా? పైగా క్రిస్మస్ బైబిలు వాక్యంలో లేదనీ, ఆ నక్షత్రంతో దాన్ని కావాలనే మీ నీళ్లలోకి తెచ్చాననీ రాశావు. మీ సంఘం ముందు నిలబడి నేను క్షమాపణ చెప్పాలట. మా కిటికీలో క్రిస్మస్ నక్షత్రం దింపేదాకా నువ్వు ఈ గడప తొక్కవట. ఎంత పెద్దవాడివయ్యావురా!

మా వాళ్లేదో మహాత్ములని కాదు. మీ అంగీలు మా చర్చికి వచ్చాయి కదా, మా పాస్టరు అయ్యగారు వాటిని చూసి, ఆ గుంపు బట్టలు మన ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదన్నారు. ఇంకా ఎవరూ తొడగలేదు, నా మిషను మీంచి నేరుగా వచ్చాయి బాబూ అంటే వినరే. దొందూ దొందే. ఆయనకీ నీకూ కలిపి ఒకే కొలతతో కోటు కుట్టొచ్చు.

నిజం చెప్పనా, క్రిస్మస్ అంటే నాకేం ప్రాణం లేచిరాదు. డిసెంబరు వచ్చిందంటే నా నడుం విరుగుతుంది. ఇరవై నాలుగో తేదీకల్లా అందరికీ అన్నీ కావాలి. పోయినేడు ఆరాధనలో ప్రసంగం మొదలవగానే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ముందు వరసలో ఒకావిడ వీపు మీద నా వంకర కుట్టు కనబడింది, ఇంక ప్రార్థన ఎక్కడిది! ఆ తేదీ వాక్యంలో లేదన్న మాట కూడా ఒప్పుకుంటాను. కానీ ఏడాదంతా మాట్లాడుకోని తోడికోడళ్లిద్దరు ఆ రోజు ఒకే పాటల పుస్తకం చెరోవైపు పట్టుకుంటారు చూడు, అప్పుడు నేనూ వాళ్లతో గొంతు కలుపుతాను. అదీ తప్పేనా? వాక్యంలో లేనిదల్లా పాపమైతే నా కుట్టు మిషనూ లేదు, నీ మైకూ లేదు.

నువ్వు పుట్టకముందు నుంచీ అమ్మ ఆ కిటికీలో నక్షత్రం కడుతోంది. దాని కింద కూర్చునే నీకు పాలు పట్టింది. నేను దాన్ని దింపను, మీ సంఘం ముందు చెంపలూ వేసుకోను. మీ అంగీలు ఇస్త్రీ చేసి ఉంచాను, ఎవరినైనా పంపు. నీకైతే మా గడప అపవిత్రం కదా.

కోపం తగ్గకపోయినా నీ మేలు కోరే
అక్క

తా.క. పైన క్షేమమని రాశాను, అబద్ధం. మొదటినుంచీ మూటలు కట్టేది అమ్మే. ఎరుపూ నీలమూ ఇప్పుడు ఆవిడకి ఒకటే అయ్యాయి. కంటి నరం ఎండిపోతోందట, ఉన్న కాస్త చూపూ వేసవి దాకా ఆగదన్నారు డాక్టరు. తన చేతి తప్పు వల్ల తొమ్మిది మంది వెనక్కి వెళ్లారని సిగ్గుపడి, నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తప్పాను.

నీ ఉత్తరం చదివి వినిపించమంది, వినిపించాను. తరవాత, "ఆ నక్షత్రం దింపెయ్యవే. ఎలాగూ నాకు కనబడట్లేదు. దగ్గరగా కూర్చుంటే వాడి మొహం ఇంకా కనబడుతుంది" అంది. నేను చస్తే దింపనన్నాను.

ఇప్పుడు ఈ కాగితం మడుద్దామని తలెత్తితే, ఆవిడే కిటికీ దగ్గర నిలబడి, తడుముకుంటూ ముడి విప్పుతోంది. ఉత్తరం అందిన రోజే రా. పగటిపూట రా, వెలుతురుండగా.